బురదదారిలో సైకిలు పందెం



డెబ్బది ఐదేండ్ల పండుగనాడు, సరస్వతీ మందిరంలో, సైకిలు పందెం గురించిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. అదీ నున్నని తారు రోడ్డుమీది పందెం కాదు, మోకాటిలోతు బురదలో జరిగే పందెం. అయితే ధర్మపురి ప్రాంతంలో చదువుకున్నవారికి సైకిలు కొత్తది కాదు, బురద అంతకన్నా కొత్తది కాదు. ఏడాదిలో అధిక భాగం ఎండకు మాడే ఈ మెట్టసీమలో ఈశాన్య ఋతుపవనాలు కాలుమోపే అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, పెన్నాగరం వైపున గాని, పాలక్కోడు వైపున గాని, హరూరు వైపున గాని, పల్లె నుండి పెద్దరోడ్డుకు చేర్చే మట్టిబాటల స్వరూపమే మారిపోతుంది. చక్రానికి, మడ్‌గార్డుకు నడుమ ఎర్రమట్టి ముద్దగా పట్టుకుంటుంది. చక్రం తిరగదు. అప్పుడు పుస్తకాల సంచిని మెడకు తగిలించుకొని, సుమారు ఇరవై కిలోల బరువుండే సైకిలును భుజానికెత్తుకొని, బురద దాటి, తిరిగి ఎక్కి బడికి పోవలసిందే. ఎవరూ చప్పట్లు కొట్టని ఈ శ్రమనే ఐరోపా దేశాలలో ఒక క్రీడగా మలచుకున్నారు. దాని పేరు సైక్లోక్రాస్. ఆ క్రీడ యొక్క నియమాలను పరిశీలించినవారికి, అందులో బడులకు పనికివచ్చే ఒక పాఠం దొరుకుతుంది. ఆ పాఠాన్ని సభవారి ముందుంచడమే ఈ ప్రసంగ లక్ష్యం.

ఈ క్రీడ ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో ఫ్రాన్సు దేశంలో రూపుదిద్దుకొన్నది. చలికాలంలో రోడ్డు పందేలు ఉండవు. శరీరదారుఢ్యం తగ్గకుండా చూసుకొనడానికి సైకిలు వీరులు పొలాలకు, కాలువగట్లకు అడ్డంపడి, కంచెలు దాటుకుంటూ ఒక ఊరినుండి మరొక ఊరికి పోటీపడేవారని చెబుతారు. దారిలో తొక్కడానికి వీలులేని చోట దిగి, సైకిలు మోసుకొని పరుగెత్తేవారు. ఆ పరుగువలన గడ్డకట్టిన పాదాలకు వెచ్చదనం కూడా వచ్చేది. దానియెల్ గూసో అనే సైనికుడు 1902లో ఫ్రాన్సు దేశపు తొలి జాతీయ పోటీని నడిపించాడు. ఓక్తావ్ లాపీజ్ అనే వీరుడు 1910లో టూర్ ద ఫ్రాన్స్ మహాపందెంలో గెలుపొంది, తన విజయంలో ఈ బురద సాధనకు పాలు ఉన్నదని చెప్పిన తరువాత దీని కీర్తి సరిహద్దులు దాటింది. ఆ యేడు పందెం మొట్టమొదటిసారిగా పిరనీస్ పర్వతాల ఎత్తయిన కనుమలగుండా సాగింది. రెండువేల మీటర్లకు పైబడిన తూర్మలే కనుమను అందరికన్నా ముందు దాటినవాడు లాపీజే. అయితే ఆ ఎక్కుడులో అతడు కొంత దూరం సైకిలు దిగి, దానిని నెట్టుకుంటూ నడిచాడు. నడిచినవాడే గెలిచాడన్నది విద్యార్థులు గుర్తుంచుకోదగిన మాట.

తొలి ప్రపంచ విజేతృత్వ పోటీ 1950లో పారిస్‌లో జరిగింది. అంతకు మూడేండ్ల క్రితం టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన జాఁ రోబిక్ అందులో విజేత. బెల్జియం దేశీయుడు ఎరిక్ డి వ్లామింక్ 1966 నుండి 1973 వరకు గల ఎనిమిదేండ్లలో ఏడుమార్లు ప్రపంచ విజేతగా నిలిచాడు. ఆ ఏడు సంఖ్యను అందుకోవడానికి మరొక పురుషునికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. నెదర్లాండ్స్‌కు చెందిన మాథ్యూ వాన్ డర్ పూల్ 2025లో ఆ సంఖ్యను చేరుకున్నాడు.

స్త్రీల సంగతి వేరు. వారికి ప్రపంచ పోటీ 2000 సంవత్సరం వరకు లేదు. పురుషులకు మొదలైన యాభై యేండ్లకు గాని ఆ ద్వారం తెరుచుకోలేదు. తెరుచుకున్న తరువాత జరిగినది చూడండి. నెదర్లాండ్స్‌కు చెందిన మరియానె వోస్ పద్దెనిమిదేండ్ల వయస్సులో, 2006లో, తొలిసారి ప్రపంచ విజేత అయింది. 2022లో ఎనిమిదవ సారి గెలిచింది. డి వ్లామింక్ ఏడు గెలుపులను ఆమె ఆ నాటికే దాటిపోయింది. అంతకాలం ఆడువారికి లేనిది శక్తి కాదు, దారి మాత్రమే.

పెద్ద పోటీల మాట అటుంచి, ప్రతి శీతకాలంలో వారం వారం జరిగే ఔత్సాహికుల పందెం ఎలా ఉంటుందో తెలుసుకుందాం. ఒక ఉద్యానవనమో, ఒక బడి మైదానమో, ఒక పొలమో పందెపు రంగమవుతుంది. రెండు మూడు కిలోమీటర్ల చుట్టుదారిని కర్రలు పాతి, నాడాలు కట్టి గుర్తిస్తారు. అందులో గడ్డినేల, ఇసుక, మెట్లు, నిట్టనిలువు మిట్టలు, హఠాత్తైన మలుపులు ఉంటాయి. దారికి అడ్డంగా మోకాటికి కాస్త దిగువ ఎత్తులో చెక్కపలకలు నిలుపుతారు. పెద్ద పోటీల నియమం ప్రకారం వాటి ఎత్తు 40 సెంటీమీటర్లకు మించరాదు, టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు మించరాదు. పందెం దూరం లెక్కన సాగదు, కాలం లెక్కన సాగుతుంది. వయస్సును, తరగతిని బట్టి నలభై నిమిషాలో, గంటసేపో ఉంటుంది. పదేండ్లు నిండని పిల్లలకు వేరుగా, నలభై దాటిన పెద్దలకు వేరుగా పోటీలుంటాయి.

అనుభవజ్ఞుడైన పోటీదారు ముందుగా చేసే పని సైకిలు ఎక్కడం కాదు. దారంతా ఒకసారి తిరిగి చూస్తాడు. ఎక్కడ నేల గట్టిగా ఉన్నది, ఎక్కడ జారుతున్నది, ఎక్కడ దిగాలి, ఎక్కడ తిరిగి ఎక్కాలి అన్నది మనసులో పటం గీసుకుంటాడు. తరువాత టైరులోని గాలి కొంత తగ్గిస్తాడు. గాలి తక్కువైతే టైరు నేలమీద వెడల్పుగా పరుచుకొని పట్టు దొరుకుతుంది. మరీ తక్కువైతే చక్రపు అంచు రాతికి తగిలి ట్యూబు చిట్లుతుంది. ఎంత వదలాలి, ఎంత నిలుపుకోవాలి అన్నది ఆ రోజు నేలను బట్టి తేల్చుకోవలసినది.

ఈల మోగగానే అందరూ ఒక్కపెట్టున దూకుతారు. తొలి మలుపులోనే తోపులాట, అక్కడే కొందరు పడతారు. మొదటి చుట్టులో పచ్చగా ఉన్న గడ్డి, మూడవ చుట్టు వచ్చేసరికి వందల చక్రాల క్రింద నలిగి గుజ్జవుతుంది. దారి ఒక్కటే అయినా, ప్రతి చుట్టులో అది వేరొక దారి. ఇందాక తొక్కగలిగిన చోట ఇప్పుడు తొక్కలేడు. బురదలో హఠాత్తుగా బ్రేకు వేసినవాడు జారుతాడు, భయపడి కాలు ఆపినవాడు కూరుకుపోతాడు. చూపు ముందరి చక్రం మీద పెట్టక, దూరాన గట్టినేల ఎక్కడున్నదో దాని మీద నిలిపి, వడి తగ్గినా పెడలు ఆగకుండా తిప్పేవాడు నిలబడతాడు.

అడ్డుపలక ఎదురైనప్పుడు చేసే పనిలో గొప్ప నేర్పు ఉన్నది. సైకిలు ఇంకా కదులుతుండగానే పోటీదారు కుడికాలిని వెనుకనుండి ఎడమ ప్రక్కకు తెస్తాడు. గొలుసు కుడివైపున ఉంటుంది గనుక ఎడమవైపునే దిగాలి. దిగిన అడుగు ఆగదు, అదే పరుగుగా మారుతుంది. పలక దగ్గర సైకిలును చేతితో ఎత్తుతాడు. మిట్ట పొడవుగా ఉంటే కుడిభుజంపై వేసుకుంటాడు. దాటగానే ఒక దూకుతో మళ్లీ సీటు మీదికి చేరతాడు. దిగడం, మోయడం, ఎక్కడం అన్న మూడు పనులూ వేర్వేరుగా కనబడకుండా ఒక్కటిగా సాగించగలిగినవాడే దీనిలో నిపుణుడు.

ఇతర సైకిలు పందేలలో దిగడమంటే ఏదో విరిగిందనో, ఓపిక అయిపోయిందనో అర్థం. ఈ పందెంలో దిగడం పందెంలోని భాగమే. తొక్కలేని చోట పంతానికి తొక్కేవాడు బురదలో నిలిచిపోతాడు, వేళకు దిగినవాడు అతనిని దాటిపోతాడు. నేల బాగున్నచోట సైకిలు మనిషిని మోస్తుంది, నేల బాగులేనిచోట మనిషి సైకిలును మోయాలి. ఈ రెండింటిలో ఏది తక్కువ పని అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1961లో మొదలైన మూడు శిఖరాల పందెం ఇందుకు చక్కని ఉదాహరణ. ఇంగిల్‌బరో, వెర్న్‌సైడ్, పెనిగెంట్ అనే మూడు కొండలను, ఒక్కొక్కటి సుమారు 700 మీటర్ల ఎత్తు గలవాటిని, ఒకే రోజున సైకిలుతో ఎక్కి దిగాలి. ఇటీవలి కాలపు దారి పొడవు 61 కిలోమీటర్లు. అందులో కొన్ని కిలోమీటర్లు ఎంతటివానికైనా తొక్కశక్యం కానివి, భుజమే శరణ్యం. ఈ పందెం పుట్టకమునుపే, 1959లో, స్కిప్టన్ పట్టణానికి చెందిన పద్నాలుగేండ్ల బడిపిల్లవాడు ఆ మూడు కొండలను సైకిలుతో చుట్టివచ్చాడు. ఏడు గంటలకు కాస్త తక్కువ కాలం పట్టింది. పెద్దలు సాధ్యమా అని తర్కించుకొనే పనిని తొమ్మిదవ తరగతి వయస్సు పిల్లవాడు చేసి చూపాడు.

ఇక ఈ ప్రసంగానికి ప్రాణమైన విషయం. ప్రపంచస్థాయి పోటీలలో ఒక కఠిన నియమం ఉన్నది. ముందున్నవాడు చుట్టివచ్చి తమను దాటిపోయేంతగా వెనుకబడేవారిని న్యాయనిర్ణేతలు పందెం నుండి తప్పిస్తారు. ముందువారికి వారు అడ్డం కాకూడదన్నది కారణం. ఔత్సాహికుల పోటీలలో అనేకచోట్ల ఈ పద్ధతి పాటించరు. ముందున్నవాడు ఎనిమిది చుట్లు ముగించేసరికి వెనుకవాడు అయిదు చుట్లే చేసి ఉండవచ్చు. అయినా అతడిని ఎవరూ దారి దిగిపొమ్మనరు. దాటిపోయేవారికి కాస్త ప్రక్కకు తొలగి, తన చుట్టు తాను చేసుకుంటూ పోతాడు. ఆఖరి చుట్టుకు గంట మోగుతుంది. మొదటివాడు గీత దాటిన తరువాత, మిగిలిన ప్రతివాడూ తాను చేస్తున్న చుట్టు ముగించి అదే గీత దాటుతాడు. ఎనిమిది చుట్లవానికి ఎనిమిది, అయిదు చుట్లవానికి అయిదు. ఫలితాల పట్టికలో ఇద్దరి పేర్లూ ఉంటాయి. అయిదు చుట్లు చేసినవాడు వచ్చే వారం ఆరు చేయడానికి వస్తాడు. తప్పించబడినవాడు వస్తాడా?

పాఠశాల ఈ రెండు నియమాలలో దేనిని అనుసరించాలి? ఇది ఊహాప్రశ్న కాదు. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అన్న ప్రకటన కోసం, తొమ్మిదవ తరగతిలోనే వెనుకబడినవారిని గుర్తించి, బదిలీ పత్రం చేతికిచ్చి పంపే పద్ధతి విద్యాలోకంలో లేదని ఎవరూ గుండెమీద చేయివేసుకొని చెప్పలేరు. అలా పంపబడిన బిడ్డ ఎక్కడికి పోతున్నాడు? ఇటుక బట్టీకో, పట్నంలోని బట్టల మిల్లుకో, ఆడపిల్లయితే పెండ్లిపీటల మీదికో. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాట అక్షరాస్యత 80 శాతం కాగా, ధర్మపురి జిల్లాలో అది 68.5 శాతం మాత్రమే. రాష్ట్రంలో చివరి స్థానం ఈ జిల్లాదే. ఇంతటి వెనుకబాటుగల సీమలో వెనుకబడినవానిని దారి దిగిపొమ్మనే నియమం తగినదేనా? పాఠశాల ప్రపంచ విజేతృత్వ పోటీ కాదు. అది ఔత్సాహికుల పందెం. అందులో చేరిన ప్రతి బిడ్డకూ ఆఖరి గీత దాటే హక్కు ఉన్నది. నూటికి నూరు అన్న సంఖ్యకన్నా, ఒకటవ తరగతిలో చేరినవారిలో ఎందరు పదవ తరగతి పరీక్ష వ్రాశారన్న సంఖ్యను పాఠశాలలు ప్రకటించుకొనే రోజు రావాలి.

తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల దారిలో బురద మరికాస్త లోతు. 2004 వరకు ఈ జిల్లాలో అంతర్భాగంగా ఉండిన కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలతో కలిపి ఈ సీమలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఆ విద్యా సంవత్సరంలో ఒకటవ తరగతితో మొదలుపెట్టి దశలవారీగా తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం మేలే. కాని ఈ పిల్లలు తెలుగు, తమిళం, ఇంగ్లీషు అన్న మూడు లిపులను ఒకే బాల్యంలో మోయాలి. ఒక లిపితో పరుగెత్తే పిల్లవానితో వీరి తొలి చుట్లను పోల్చి, మందబుద్ధులని ముద్రవేయడం అన్యాయం. బరువు మోస్తున్నవాని వడిని, బరువు లేనివాని వడితో కొలవరాదు. మరొక మాట. మాతృభాష సుఖంగా మోసుకుపోయే రోజులు కొన్ని, దానిని మనిషే భుజాన వేసుకోవలసిన రోజులు కొన్ని. కష్టమైన నాలుగడుగుల కోసం సైకిలును బురదలో పారవేసినవాడు, గట్టినేల వచ్చాక కాలినడకన పోవలసి వస్తుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకపు తొలి సంవత్సరాలలో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్న కాలంలో, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు తొక్కడం నేర్చుకున్నారు. వ్యవసాయ కూలీలు, రాతిక్వారీ పనివారు, పల్లె నర్సులు అందులో ఉన్నారు. మొదట ఎగతాళి చేసిన ఊళ్లే తరువాత అలవాటుపడ్డాయి. తమిళనాడు ప్రభుత్వం 2001-02లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికలతో మొదలుపెట్టిన ఉచిత సైకిళ్ల పథకం క్రమంగా ఇతర విద్యార్థులకూ విస్తరించింది. సైకిలు ఇంటికి వస్తే చాలదు. వాన పడిన నాడు, దుస్తులకు బురద అంటిన నాడు, ఊరివారు ఏమనుకుంటారోనన్న జంకుతో ఆ సైకిలును గోడకు చేర్చి అమ్మాయిని ఇంట కూర్చోబెడితే, ప్రపంచ పోటీలో స్త్రీలకు యాభై యేండ్లు మూసి ఉంచిన ఆ తలుపునే ఇంటింటా మళ్లీ మూసినట్లవుతుంది. బురద సబ్బుతో పోతుంది. ఆగిన చదువు ఏ సబ్బుతోను తిరిగిరాదు.

ఉపాధ్యాయులకు కూడా ఆ క్రీడలో ఒక స్థానం ఉన్నది. పెద్ద పోటీలలో దారి ప్రక్కన ఒక నిర్ణీత స్థలంలో సహాయకులు నిలబడి ఉంటారు. పోటీదారు బురదతో బరువెక్కిన సైకిలును అక్కడ వదిలి, శుభ్రమైన రెండవ సైకిలు అందుకొని పోతాడు. సహాయకులు ఆ మొదటిదానిని నీటితో కడిగి, గొలుసుకు నూనె పూసి, మరుచుట్టుకు సిద్ధంగా నిలబెడతారు. పందెమంతా ఇదే పని. వారు ఒక్క అడుగైనా పోటీదారు బదులు తొక్కరు, తొక్కకూడదు. కాని వారు లేనిదే విజేత లేడు. మంచి ఉపాధ్యాయుని పని ఇంతకన్నా వేరు కాదు. అదే తప్పు నాలుగవసారి చేసి వచ్చిన బిడ్డను విసుగుపడక అందుకొని, మనసుకంటిన మట్టి కడిగి, మళ్లీ దారిలో పెట్టడమే.

పూర్వ విద్యార్థులు తమ చుట్లు తాము ముగించినవారు. కొందరు ముందుగా, కొందరు ఆలస్యంగా గీత దాటారు. ఆ పందేలలో ఒక మంచి ఆచారమున్నది. తమ పోటీ ముగిసినవారు ఇంటికి పోక, దారి వెంబడి నిలిచి, ఇంకా బురదలో ఉన్నవారికి కేకలతో, గంటలతో ఉత్సాహమిస్తారు. అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు తరచు ఆఖరివానికే దక్కుతాయి. ఒక పేదబిడ్డకు పదకొండవ తరగతి పుస్తకాలు కొనివ్వడం, సెలవులలో వచ్చి వెనుకబడిన నలుగురికి లెక్కలు చెప్పడం, బడి మానివేసిన పిల్ల ఇంటికి పోయి ఆమె తండ్రితో మాట్లాడడం అటువంటి చప్పట్లే. వాటి విలువ ఈనాటి పుష్పమాలల విలువకన్నా ఎక్కువ.

డెబ్బది ఐదు సంవత్సరాలు అనేది ఒక పాఠశాలకు ముగింపు గీత కాదు, ఒక చుట్టు మాత్రమే. రాబోయే చుట్టులో నేల ఇప్పటివలె ఉండదు. గడ్డి నలిగి ఉండవచ్చు, వాన పెరగవచ్చు. తొక్కగలిగినచోట తొక్కుతూ, తొక్కలేనిచోట సిగ్గుపడక దిగి మోస్తూ, ఆఖరి బిడ్డ గీత దాటేవరకు దారి మూయక, ఈ విద్యాలయం ముందుకు సాగుగాక. ఇందులో చదివే ప్రతి బాలునికి, ప్రతి బాలికకు శుభం కలుగుగాక.

స్వస్తి.